నీటిలో కలిసినదేమి? వేరుచేయు విధమేమి?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మన పాఠశాలలలో బాలబాలికలు చదువుకొను పాఠమే. కలిసియున్న పదార్థములను వేరుచేయుట యెట్లు అనునది ఆ పాఠము. గ్రామపాలన భారమును వహించు పెద్దలకు ఈ పాఠముతో నేమి పని యని మీరడుగవచ్చును. రాజ్యాంగమునకు 1992లో చేయబడి 1993లో అమలులోనికి వచ్చిన 73వ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. ఆ పట్టికలో త్రాగునీరు 11వ అంశము. ఊరి బావిలో, బోరులో, చెరువులో, ఎత్తయిన ట్యాంకులో నున్న నీటియందు ఏమి కలిసియున్నదో తెలిసికొని, దానిని తొలగించు మార్గమును ఎన్నుకొనుట పంచాయతీ బాధ్యతయే. పిల్లవాడు పరీక్షలో తప్పు వ్రాసినచో నాలుగు మార్కులు పోవును. మనము తప్పు చేసినచో పిల్లల దంతములు, పెద్దల వెన్నెముకలు, ఒక్కొక్కప్పుడు ప్రాణములే పోవును.

మన యిండ్లలోని శాస్త్రము

ఈ శాస్త్రము మనకు క్రొత్తది కాదు. మన భాషలో దీనికి ఎన్ని మాటలు గలవో ఆలోచింపుడు. ధాన్యమును తూర్పారబట్టుదుము. బియ్యమును చేటతో చెరుగుదుము. పిండిని జల్లించుదుము. వండబోవు బియ్యమును నీటిలో గాలించుదుము. బురదనీటిని తేర్చుదుము. పాలను వడకట్టుదుము. పెరుగును చిలుకుదుము. వెన్నను కాచుదుము. ఇవి యన్నియు వేరుచేయు పనులే. అయినను ఒకదానికి చెల్లిన మాట మరియొకదానికి చెల్లదు. ఏలయన, ప్రతి పనియందును పదార్థములను విడదీయు గుణము వేరు.

తూర్పారబట్టునప్పుడు పొల్లు తేలిక గనుక గాలికి దూరముగా పోవును. గింజ బరువు గనుక కాళ్ళకడ రాలును. జల్లెడయందు బరువుతో పనిలేదు, పరిమాణమే ప్రధానము. గాలించునప్పుడు నీటి సుడికి బియ్యము లేచును, రాయి అడుగున నిలుచును. చిలికినప్పుడు పెరుగులోని చిన్న చిన్న కొవ్వు బిందువులు ఒకదానితో నొకటి కలిసి ముద్దయై, నీటికంటె తేలికయైనందున పైకి తేలును. వెన్న కాచునప్పుడు అందలి నీరు 100 డిగ్రీల వేడికి ఆవిరియై పోవును. అంతకంటె ఎక్కువ వేడికి తాళుకొనగల నేయి మిగులును. విత్తనపు వడ్లను ఉప్పునీటిలో పోసి, తేలిన తాలు గింజలను తీసివేసి, మునిగిన గట్టి గింజలను మంచినీటితో కడిగి నారు పోయు రైతు కూడ పదార్థముల సాంద్రతనే ఉపయోగించుచున్నాడు.

ఏ యిల్లాలును బియ్యములోని రాళ్ళను కవ్వముతో తీయబోదు. పెరుగులోని వెన్నను జల్లెడతో పట్టబోదు. ఆమె మొదట "కలిసినదేమి?" అని చూచును, పిమ్మట "అది ఏ గుణమున వేరుగానున్నది?" అని చూచును, అటుపిమ్మటనే పనిముట్టును చేతబట్టును. ఊరి నీటి విషయమున మాత్రము మనము ఈ వరుసను తారుమారు చేయుచుందుము. ఏ యంత్రము కొనవలయునని మొదట ఆలోచించి, నీటిలో ఏమున్నదను ప్రశ్నను చివరకు వేయుచుందుము. కొందరైతే ఆ ప్రశ్నను వేయనే వేయరు. నేడు నేను మనవి చేయదలచినది ఈ వరుసను సరిచేయుడనియే.

నీటిలో కలియు మలినములు ముఖ్యముగా మూడు తెగలు. తేలుచు మునుగుచు నుండు మట్టి మొదలగునవి మొదటి తెగ. కంటికి కనబడని సూక్ష్మజీవులు రెండవ తెగ. నీటిలో కరిగిపోయిన లవణములు మూడవ తెగ.

మట్టి, బురద

వానకాలమున చెరువునీరు, కాలువనీరు ఎఱ్ఱబారును. బిందెలో పోసి కొంతసేపు కదలింపకుండ నుంచినచో ఇసుక అడుగునకు దిగును. సన్నని బంకమట్టి మాత్రము దినముల తరబడి దిగదు. దీనికి కారణము దాని సన్నదనము మాత్రమే కాదు. బంకమట్టి రేణువులన్నియు ఋణ విద్యుదావేశము కలిగియుండి ఒకదానినొకటి నెట్టుకొనుచుండును. అందుచేత అవి కలిసి బరువెక్కి దిగుటకు వీలులేక పోవును. పటిక వేసినప్పుడు ఆ విద్యుదావేశము అణగిపోవును. పటికలోని అల్యూమినియము నీటిలో మెత్తని జిగురు తుంపులుగా నేర్పడి, మట్టిని తనతో చేర్చుకొని అడుగునకు దిగును. పూర్వము మన పెద్దలు చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీటిని తేర్చిన పద్ధతియు ఈ విధమైనదే.

పటిక ఎంత వేయవలయుననునది నీటి బురదనుబట్టి యుండును. ఎక్కువ వేసిన మేలు కలుగదు. ఒకే కొలతగల నాలుగైదు సీసాలలో నీరు పోసి, వేరువేరు మోతాదులలో పటిక కలిపి, ఏ సీసాలో తక్కువ పటికతో నీరు చక్కగా తేరుకొనునో చూచుట సులభమైన పరీక్ష.

అయితే తేరిన నీరు శుభ్రమైన నీరని తలచుట గొప్ప ప్రమాదము. తేట యనునది కంటికి సంబంధించిన గుణము. కంటికి కనబడని మలినములు ఇంకను రెండు తెగలు మిగిలియున్నవి.

కంటికి కనబడని జీవులు

కలరా, టైఫాయిడ్, విరేచనములు మొదలగు వ్యాధులను కలిగించు సూక్ష్మజీవులు అద్దమువలె తేటగానున్న నీటిలోను ఉండవచ్చును. వీనిని గుడ్డ ఆపజాలదు. వీనిని ఆపుటయందు ఇసుక వడపోతకు గల శక్తిని లోకమునకు చాటిన సంఘటన 1892లో జర్మనీ దేశమున జరిగినది. ఎల్బ్ నది యొడ్డున హాంబర్గు, ఆల్టోనా అను రెండు పట్టణములు అప్పుడు ఒకదానినొకటి ఆనుకొని యుండెడివి. రెండును ఆ నదినీటినే త్రాగెడివి. హాంబర్గు పట్టణమునకు ఎగువన తీసిన నీరు వడపోత లేకుండ సరఫరా యగుచుండెను. ఆల్టోనా నీరు హాంబర్గు మురుగు కలిసిన పిదప దిగువన తీసినదే యైనను, ఇసుక పాన్పులగుండ వడపోయబడుచుండెను. ఆ యేడు కలరా వచ్చినప్పుడు హాంబర్గులో సుమారు 8,600 మంది మరణించిరి. ఆల్టోనాకు అంతటి విపత్తు కలుగలేదు. రెండు పట్టణముల సరిహద్దు వీధిలో ఒక వైపున వ్యాధి చెలరేగి, రెండవ వైపున అది లేకుండుటను డాక్టరు రాబర్ట్ కాక్ మున్నగు శాస్త్రజ్ఞులు గమనించిరి. ఎక్కువ మురికినీటిని వడపోసి త్రాగినవారు బ్రదికిరి. తక్కువ మురికినీటిని వడపోయక త్రాగినవారు నష్టపోయిరి.

మన గ్రామములలో కాలువనీటి చెరువులకు అనుబంధముగా నిర్మించిన నెమ్మది ఇసుక వడపోత తొట్లు ఈ జాతివే. వీనియందు ఇసుక కేవలము జల్లెడవలె పనిచేయదు. కొలది దినములలో ఇసుక పైభాగమున జిగటగానుండు సన్నని జీవపు పొర యొకటి పట్టును. హాని చేయు సూక్ష్మజీవులను పట్టి నశింపజేయుటయందు ఈ పొరయే ముఖ్యమైనది. దీనిని మురికియని తలచి మాటిమాటికి గీకివేయుట సరికాదు. నీరు దిగుట బాగుగా మందగించినప్పుడు మాత్రమే పైనున్న 1 లేక 2 సెంటీమీటర్ల ఇసుకను తీయవలయును. తీసిన తరువాత పొర మరల ఏర్పడువరకు, అనగా కొన్ని దినములవరకు, ఆ తొట్టి నీటిని ఇండ్లకు వదలరాదు. రెండు తొట్లుండుట ఇందుకొరకే. ఒక చదరపు మీటరు ఇసుకపై గంటకు సుమారు 100 లీటర్లు దిగుట ఈ తొట్ల సాధారణ వేగము. ఊరిలో నీరు చాలలేదని వేగమును రెండింతలు, మూడింతలు చేసినచో నీరు వచ్చును గాని వడపోత జరుగదు.

వడపోత ఎంత బాగుగానున్నను బ్లీచింగు పొడి తప్పనిసరి. ఇది వేరుచేయు పద్ధతి కాదు, చంపు పద్ధతి. మంచి రకపు పొడియందు మూడవవంతు క్లోరిను ఉండును. తేమ, ఎండ, వేడి తగిలినచో అది క్రమముగా తగ్గిపోవును. నోరు తెరచిన సంచిలో నెలల తరబడి నిలువయుంచిన పొడిని వేయుట సున్నము వేయుటతో సమానము. సాధారణముగా 1,000 లీటర్ల నీటికి మంచి పొడి 2.5 గ్రాములు కావలెను. గుండ్రని బావిలోని నీటిని లెక్కించుటకు వ్యాసమును వ్యాసముతో గుణించి, 0.785తోను నీటి లోతుతోను గుణింపవలయును. అన్నియు మీటర్లలో కొలిచినచో ఘనపు మీటర్లు వచ్చును; ఒక ఘనపు మీటరు 1,000 లీటర్లు. 3 మీటర్ల వ్యాసము, 4 మీటర్ల నీటి లోతుగల బావిలో సుమారు 28,000 లీటర్లుండును. దానికి 70 గ్రాముల పొడి సరిపోవును.

ఆ పొడిని నేరుగా బావిలో చల్లరాదు. బకెట్టులో కొద్ది నీటితో పలుచగా కలిపి, తరువాత మరికొంత నీరు పోసి, అయిదు పది నిమిషములు కదలింపకుండ నుంచవలయును. సున్నము అడుగునకు దిగును. పైతేటను మాత్రమే వంచి బావినీటిలో కలుపవలయును. ఇదియు మన యింటి తేర్చు పనియే. అటుపిమ్మట కనీసము అరగంటసేపు ఆగి నీరు వాడవలయును. నీరు బురదగా నున్నచో క్లోరినులో చాలభాగము ఆ మలినముతోనే ఖర్చయి సూక్ష్మజీవులకు తగులదు. కనుకనే తేర్చుట, వడపోయుట, క్లోరిను వేయుట ఈ వరుసలోనే జరుగవలయును. చివరి యింటి కుళాయివద్ద లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదా లేదా యని క్లోరోస్కోపుతో పరీక్షించుట ఎంతో అవసరము. ట్యాంకువద్ద చేసిన పరీక్ష ట్యాంకు సంగతినే చెప్పును.

కరిగిన పదార్థములు

ఇక మూడవ తెగ. దీని స్వభావమును తెలియుటకు మీ పంచాయతీ కార్యాలయములోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు. ఒక గ్లాసు నీటిలో చిటికెడు మట్టిని, మరియొక గ్లాసు నీటిలో చెంచాడు ఉప్పును కలుపుడు. రెండింటిని మడతలు పెట్టిన గుడ్డలో వడకట్టుడు. మట్టిలో కొంతయైన గుడ్డపై నిలుచును. ఉప్పు ఏమాత్రము నిలువదు. ఇసుకగుండ పోసినను నిలువదు. కరిగిన పదార్థము నీటి అణువులతోబాటు ప్రతి రంధ్రమునుండి దాటిపోవును.

చినగంజాము, నౌపడా ఉప్పుకొటారులలో పనిచేయువారికి ఈ సంగతి బాగుగా తెలియును. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు కరిగియుండును. వానిని రాబట్టుటకు వారు వడకట్టరు. నీటినే ఎండకు ఆవిరిగా పంపివేయుదురు. నీరు తగ్గినకొలది మొదట జిప్సము, తరువాత ఉప్పు స్ఫటికములుగా దిగును. మెగ్నీషియము లవణములతో చేదెక్కిన మిగులునీటిని తీసివేయుదురు. ఒక్కొక్క లవణము ఎంతవరకు కరిగియుండగలదో ఆ గుణమే ఇచట వానిని వేరుచేయుచున్నది.

కరిగిన దానిని కరగని దానిగా మార్చి తీయుట మరియొక ఉపాయము. కొన్ని బోర్ల నీరు తోడినప్పుడు తేటగానుండి, గాబులో కొంతసేపు నిలిచిన తరువాత ఎఱ్ఱబారును. అందు కరిగియున్న ఇనుము గాలిలోని ఆక్సిజనుతో కలిసి కరగని తుప్పుగా మారుటయే ఇందుకు కారణము. అట్టి నీటిని మెట్లపైనుండి పలుచగా జారవిడిచి గాలి తగులునట్లు చేసి, తరువాత ఇసుకతో వడపోసినచో ఇనుము చాలవరకు పోవును.

ఇనుము తన రంగుచే తన్ను తాను బయటపెట్టుకొనును. ఫ్లోరైడు అట్లు కాదు. దానికి రంగు లేదు; వాసన లేదు; త్రాగునీటిలోనుండు పరిమాణమున రుచియు తెలియదు. నల్లరాతి నేలలలోని కొన్ని ఖనిజములనుండి అది భూగర్భజలములో కరుగును. మన దేశమున నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలకు కలుగు వ్యాధిని గూర్చి 1937లో ఆనాటి నెల్లూరు జిల్లానుండియే వైద్యులు లోకమునకు వెల్లడించిరి. నల్లగొండ జిల్లా పడిన బాధ మీకందరకును తెలిసినదే. భారత ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చును. వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. అంతకు మించిన నీటిని దంతములు ఏర్పడు వయస్సున పిల్లలు త్రాగినచో వారి పండ్లు మచ్చలుబారును. ఇంకను ఎక్కువగానున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో కీళ్ళు బిగిసి, వెన్ను వంగును. ఒకసారి వంగిన వెన్నును ఏ మందును మరల నిలుపజాలదు. కనుక ఈ విషయమున ఆలస్యము చేయుటకు వీలులేదు.

నీటిని మరిగించినచో అన్ని దోషములు పోవునని మనలో పెక్కుమంది నమ్మకము. సూక్ష్మజీవుల విషయమున అది నిజము. ఫ్లోరైడు విషయమున అది తలక్రిందులగును. లీటరునకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడుగల 10 లీటర్ల నీటిలో మొత్తము 30 మిల్లీగ్రాములుండును. అది మరిగి 8 లీటర్లయినచో ఆవిరియైనది నీరే గాని ఫ్లోరైడు కాదు. ఇప్పుడు లీటరునకు 3.75 మిల్లీగ్రాములైనది. ఒక మలినమునకు మందైనది మరియొక మలినమునకు బలమైనది. పనిముట్టుకంటె ముందు ప్రశ్న రావలయునని నేననుట ఇందుకే.

ఫ్లోరైడును తీయుటకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించిన విధానము నల్లగొండ పద్ధతియని పేరు పొందినది. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి తగిన పాళ్ళలో వేసి, నెమ్మదిగా కలిపి, కదలింపకుండ నుంచినచో, పటికనుండి ఏర్పడు జిగురు తుంపులు ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైతేటను తీసి వాడుకొందురు. బురదకు వేయు పటికకంటె దీనికి ఎన్నోరెట్లు ఎక్కువ పటిక కావలెను. పాళ్ళను నీటి పరీక్షనుబట్టి తెలిసినవారే నిర్ణయింపవలయును. నేడు అనేక గ్రామములలో నున్న ఆర్.ఓ. యంత్రములు ఒత్తిడితో నీటిని అతి సన్నని పొరగుండ నెట్టి లవణములను వెనుకకు నిలుపును.

అన్నిటికంటె మేలైనది నీటి ఆధారమునే మార్చుట. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము నదుల, జలాశయముల నీటిని శుద్ధిచేసి గ్రామములకు చేర్చునట్టిది. అట్టి నీరు వచ్చిన ఊళ్ళలోను పాత బోరునీటిని వంటకు వాడుచున్నచో అన్నముతోను పప్పుతోను ఫ్లోరైడు లోనికి పోవుచునే యుండును. త్రాగుటకు, వంటకు రెండింటికిని మంచినీరే వాడవలయునని ఇంటింట చెప్పవలయును.

వేరైనది ఎచటికి పోవును?

వేరుచేయుట యనగా నశింపజేయుట కాదు. చెరిగిన పొట్టు పెరటిలో పడును. నీటినుండి తీసిన ఫ్లోరైడు పటిక మడ్డిలో నుండును; లేదా ఆర్.ఓ. యంత్రము విడిచిన నీటిలో చిక్కబడి యుండును. ఆ మడ్డిని చెరువుగట్టున పారవేసినను, ఆ నీటిని బోరుప్రక్క గుంటలోనికి వదలినను, తీసిన దానిని మరల త్రాగుటకు దారి చేసినట్లే. యంత్రమును నెలకొల్పు తీర్మానములోనే దాని వ్యర్థము ఎచటికి పోవలయునో వ్రాసికొనుట దూరదృష్టి.

పంచాయతీ చేయదగిన పని

సభ్యులారా, మీ గ్రామములోని ప్రతి నీటి ఆధారమునకు ఒక సంఖ్య నిచ్చి, ఒక పుస్తకము తెరువుడు. ఒకే ఊరిలో రెండు వీధుల బోర్ల నీరు ఒకే విధముగా నుండునని తలపరాదు. ప్రతి దానిని విడివిడిగా గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించుడు. ఫలితములను తేదీతో సహా పుస్తకములో వ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపుడు. త్రాగరాని నీటి చేతిపంపులకు ఎఱ్ఱరంగు పూయించి, "త్రాగుటకు, వంటకు పనికిరాదు" అని వ్రాయింపుడు. ఆ నీరు బట్టలు ఉతుకుటకు పనికివచ్చును. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమున అయిదుగురు మహిళలకు నీటి పరీక్షా పెట్టెతో పరీక్షలు చేయుట నేర్పవలయునని ఏర్పాటు కలదు. మీ ఊరిలో ఆ అయిదుగురు ఎవరో, వారి పెట్టెలోని రసాయనముల గడువు తీరినదో లేదో విచారింపుడు.

ఎవరైన ఒక యంత్రమును అమ్మజూపి, ఇది అన్ని దోషములను పోగొట్టునని చెప్పినచో, వారినొక్క ప్రశ్న వేయుడు: "మా నీటిలో కలిసినదేమి? నీ యంత్రము దానిని ఏ గుణమునుబట్టి వేరుచేయును?" దీనికి సూటియైన సమాధానము లభింపనిచో పంచాయతీ నిధిలో ఒక్క రూపాయియైనను వెచ్చింపకుడు. బియ్యములో రాయి యున్నదో నూక యున్నదో చూడకుండ చేటయో జల్లెడయో ఎత్తు ఇల్లాలు మన ఊళ్ళలో లేదు. ఆమె తన గింజల యెడల చూపు జాగ్రత్తను మనము ఊరి నీటి యెడల చూపుదుముగాక.